సగమే వేసిన గడియ

అక్క పోయిందని వాళ్ల తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను బియ్యం కడుగుతున్నాను. "నిన్న సాయంత్రం పోయిందండీ. రేపు పొద్దున్నే సమాధి చేస్తున్నాం. మీకు తప్పకుండా చెప్పమంది" అన్నాడు. వస్తానని చెప్పి ఫోన్ పెట్టేసి, కడిగిన బియ్యాన్నే మళ్లీ కడిగాను.

ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. ఒక మనిషి పేరు, ముఖం పదిమంది కళ్లలో పడితే ఏమవుతుందో ఆమెకు తెలిసినంత బాగా నాకు తెలిసినవాళ్లలో ఎవరికీ తెలియదు. నేను అక్కా అని పిలిచేదాన్ని కాబట్టి ఇక్కడా అలాగే అంటాను.

మా ఆఫీసు ఫిలింనగర్‌లో ఒక పాత బంగళా కిందిభాగంలో ఉండేది. మాదాపూర్ వైపు అద్దాల భవనాలు ఒకదాని వెనక ఒకటి లేస్తున్న రోజులవి. అమీర్‌పేటలో కరెంటు స్తంభాలన్నీ కంప్యూటర్ కోర్సుల కాగితాలతో నిండిపోయాయి. ప్రతి నిర్మాతకూ తన సినిమాకు ఒక వెబ్‌సైటు కావాలి. ఎందుకు కావాలో ఆయనకూ తెలియదు, మా ఓనరుకూ తెలియదు. అయినా పని మాత్రం దండిగా వచ్చేది. నేను వెంగళరావు నగర్ నుంచి బస్సులో వచ్చి తెలుగు వార్తలు, ఫోటోల కింద వ్యాఖ్యలు రాసేదాన్ని. సర్వర్ బాధ్యతంతా అక్కది.

నలభై దాటిన మనిషి. మచిలీపట్నం వైపు క్రైస్తవ కుటుంబం. పెళ్లి చేసుకోలేదు, ఎందుకని ఎవరూ అడిగే ధైర్యం చేయలేదు. నేతచీర కట్టి కాళ్లకు తెల్ల కాన్వాసు బూట్లు వేసుకునేది. చెక్‌పోస్టు దగ్గర బస్సు దిగి, ఆ ఎత్తంతా నడిచే వచ్చేది. సర్వర్ ఉన్న గది ఒకప్పుడు బంగళావాళ్ల సామాన్ల గది. ఎంత ఏసీ వేసినా గోడల్లోంచి ధనియాల వాసన పోలేదు. ఆ చలిలో కూర్చోవడానికి వాళ్ల నాన్నగారి మెరూన్ రంగు స్వెటర్ ఒకటి తెచ్చి పెట్టుకుంది. చీర మీద మగవాళ్ల స్వెటర్ తొడుక్కుని, చేతులు పైకి మడుచుకుని, తెర మీద వేలు పెట్టి ఒక్కొక్క అక్షరమే పైకి చదివేది. చర్చిలో వాక్యం చదివేవాళ్లలా ఉండేది ఆ చదువు. తొందర ఉండేది కాదు, ఒక్క అక్షరం దాటేసేది కాదు.

మధ్యాహ్నం డబ్బా మూత తీస్తే ఎండు రొయ్యల పొడి ఘుమఘుమలాడేది. "కిటికీ తెరువమ్మాయ్, ఎవరైనా హీరోయిన్ వస్తే కళ్లు తిరిగి పడిపోగలదు" అనేది. తన మాటకు తనే నవ్వేది కాదు. మేం నవ్వుతుంటే మమ్మల్ని చూసి ఆశ్చర్యపోయేది.

ఏదైనా పనిచేయడం లేదని చెబితే "చూద్దాం" అనేది. నాకు తెలుసు అన్న మాట ఆమె నోట నేను వినలేదు.

ఒకసారి పెద్ద సినిమా విడుదల. పొద్దున్నుంచి అభిమానులంతా డైలాగుల పేజీ కోసం వస్తున్నారు. పేజీ తెరిస్తే మాత్రం మీకు అనుమతి లేదు అని వస్తోంది. పాటలు వస్తున్నాయి, బొమ్మలు వస్తున్నాయి, డైలాగులే రావడం లేదు. ఓనరు బయట వరండాలో ఫోన్ పట్టుకుని తిరుగుతూ నిర్మాతకు క్షమాపణలు చెప్పుకుంటున్నాడు.

నేను సర్వర్ గదిలోకి పరుగెత్తాను. "అక్కా, డైలాగుల పేజీ ఒక్కటే ఖుల్లయితలేదు. సార్ ఆగమాగం అయితుండు."

"చూద్దాం" అని వేలు తెర మీద పెట్టింది. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగింది. "ఇదిగో. నువ్వే చదువు."

"చుక్క. ఎల్, ఓ, జీ" అని చదివాను. నాకేమీ అర్థం కాలేదు.

"సర్వర్ తను చేసిన పనులన్నీ కొన్ని ఫైళ్లలో రాసుకుంటుంది. వాటిని లాగ్ ఫైళ్లంటారు. బయటివాళ్లు చూడకూడదు. అందుకని పేరు చివర చుక్క, లాగ్ అని ఉంటే చూపించొద్దని మనవాళ్లెవరో నియమం రాశారు. కానీ ఈ నియమాల భాషలో చుక్క అంటే చుక్క కాదమ్మాయ్. ఇక్కడ ఏ అక్షరమైనా ఉండొచ్చు అని అర్థం. ఇప్పుడు మన పేజీ పేరు డైలాగ్ కదా, దాని చివర చూడు. ఏ, ఎల్, ఓ, జీ. చుక్క ఉండాల్సిన చోట ఏ కూర్చుంది. సర్వర్ దాన్ని కూడా దాచేసింది. దాని తప్పేముంది? మన మనసులో ఏముందో దానికి తెలీదు కదా. మనం రాసిందే తెలుసు."

చుక్కను చుక్కగానే చదవమని చెప్పే వాలుగీత ఒకటి దాని ముందు పెట్టింది. పేజీ వచ్చేసింది. బయట ఓనరు "వచ్చిందండీ, వచ్చిందండీ" అని అరిచాడు. అక్క ఆ గీతను మళ్లీ తీసేసింది. పేజీ మాయమైంది. "అయ్యో, మళ్లీ పోయిందేంటండీ!" అని వరండాలో కేక. అప్పుడు గీత తిరిగి పెట్టింది.

"ఎందుకక్కా గట్ల చేసినవ్?" అన్నాను.

"మళ్లీ పాడు చేస్తేనే గదా, దేనివల్ల బాగయిందో తెలిసేది" అంది.

అది ఆమె పద్ధతి. ఏది బాగుచేసినా ఒకసారి చెడగొట్టి, మళ్లీ బాగుచేసేది. ఓనరు గుండె పట్టుకునేవాడు. మాకు మాత్రం ఆమె చేయి పడిందంటే ధీమా.

ఆ మరుసటి ఏడు మా సైటులో కొత్త నటీనటుల విభాగం ఒకటి పెట్టారు. అవకాశాల కోసం వచ్చేవాళ్ల ఫోటోలు కొన్ని అందరికీ కనబడతాయి. దుస్తులు కొలిచి చూసేటప్పుడు తీసినవి, మేకప్ పరీక్షలవి, దర్శకుడి మనుషులకే కనబడాలి. వాటికి తాళం ఉంటుంది. ఆ తాళం నియమం రాసింది అక్కే. ఆ ఫోటోలు ఉండే చోట, పేరు చివర జేపీజీ అని ఉన్న ప్రతిదానికీ పాస్‌వర్డ్ అడగాలని రాసింది. చాలాసార్లు పరీక్షించింది. చెడగొట్టి, బాగుచేసి, మళ్లీ చూసింది.

తర్వాత కొన్నాళ్లకు ఓనరు కొత్త కెమెరా కొన్నాడు.

రహమత్ నగర్ అమ్మాయి ఒకతె ఉండేది. డిగ్రీ అయిపోయి, యూసుఫ్‌గూడలో బట్టల షాపులో పనిచేస్తూ మా సైటులో ఫోటోలు పెట్టింది. ఆమె పేరూ రాయను. తండ్రి లేడు. తల్లి ఇంట్లోనే మిషను మీద స్టూడియోలకు గుంపు డాన్సుల దుస్తులు కుట్టేది. ఆ అమ్మాయికి ఒక సినిమాలో హీరో చెల్లెలి వేషం దొరికింది. వార్త రాసింది నేనే. దుస్తులు సరిచూసే రోజున మా ఆఫీసు వెనక గదిలోనే ఫోటోలు తీశారు. చేతులు కుట్టని జాకెట్టు, అక్కడక్కడ పిన్నులు, నడుము దగ్గర పట్టుకున్న దర్జీ వేళ్లు. రోజూ జరిగే పనే.

ఒక ఉదయం తల్లీ కూతుళ్లిద్దరూ ఆఫీసుకు వచ్చారు. ఆ అమ్మాయి తలకు చున్నీ చుట్టుకుని, నేల చూస్తూ నిలబడింది. మాట్లాడింది తల్లే.

"నా బిడ్డ ఫోటోలు మా బస్తీల ఇంటర్నెట్ దుకాణంల పెద్దగ చేసి చూస్తుండ్రు సార్. కింద ఏమేమో రాసిండ్రట, నోటితోని చెప్పరాదు. ట్రయల్ ఫోటోలని నాకెర్కే. నేను కుట్టే మనిషిని. బస్తీకేమెర్క? మా పెద్దోడు చూసి ఇంటికొచ్చి దీన్ని కొట్టిండు. మీరు తాళమేసి పెడ్తమన్నరు కదా?"

ఓనరు లేచి ఆమెకు కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"హ్యాకర్లమ్మా" అన్నాడు. "దొంగలు. అమెరికాలో పెద్దపెద్ద కంపెనీలనే వదలడం లేదు. మేం కూడా మీలాగే నష్టపోయాం. ఏం చేయగలం చెప్పండి?"

సర్వర్ గది తలుపు తెరిచే ఉంది. అక్క స్వెటర్‌తోనే బయటికి వచ్చింది. ఆ అమ్మాయిని "రామ్మా" అని పిలిచి, ఆ ఫోటోలు ఏ చిరునామాలో ఉన్నాయో అడిగింది. ఆ అమ్మాయి అరచేతిలో పెన్నుతో రాసుకుని వచ్చింది. అక్క ఆ చేతిని పట్టుకుని, చూసి, ఆ చిరునామాను కంప్యూటర్‌లో టైపు చేసింది. పాస్‌వర్డ్ అడగలేదు. ఫోటో తెరుచుకుంది. వెంటనే మూసేసింది.

తన నియమం తెర మీదికి తెచ్చి చదివింది. జే, పీ, జీ. చిన్న అక్షరాలు. ఫోటో పేరు చదివింది. జే, పీ, జీ. పెద్ద అక్షరాలు. కొత్త కెమెరా పేర్లన్నీ పెద్ద అక్షరాలతో రాస్తోంది. మనుషులకు రెండూ ఒకటే. ఆ సర్వర్‌కు మాత్రం అవి వేరు వేరు పేర్లు. పాత ఫోటోలకు తాళం ఉంది. కొత్త కెమెరా వచ్చినప్పటి నుంచి తీసిన ఏ ఫోటోకూ తాళం లేదు.

పెద్దవైనా చిన్నవైనా ఒకటేనని చెప్పే గుర్తును నియమంలో చేర్చింది. ఈసారి సర్వర్ పాస్‌వర్డ్ అడిగింది. అక్క అక్కడితో ఆపింది. మళ్లీ చెడగొట్టి చూడలేదు.

లేచి వచ్చి ఆ తల్లి ముందు నిలబడింది. ఓనరు కళ్లతో వద్దంటున్నాడు.

"హ్యాకర్లెవరూ లేరండీ" అంది. "తలుపుకు గడియ పెట్టింది నేనే. సగమే వేశాను. తోసినవాడికి తోసినట్టు తెరుచుకుంది. తప్పు నాది."

తల్లి ఆమె చెంప మీద కొట్టింది. అక్క కళ్లజోడు కింద పడింది. దాన్ని తీసుకోవడానికి కూడా వంగలేదు. ఆ అమ్మాయే తీసి ఆమె చేతిలో పెట్టింది.

వాళ్లు వెళ్లాక ఓనరు గొంతు తగ్గించి అన్నాడు. "మీరు మంచివారండీ, కాదనను. కానీ ఆ మాట పోలీసుల ముందు కూడా అంటే కంపెనీ మూసుకోవాలి. కెమెరా మార్చినట్టు మీకు ఎవరూ చెప్పలేదుగా. మీ తప్పెలా అవుతుంది?"

"కెమెరా మారిందని ఫోటోలు చూస్తే నాకే తెలియాలి. చూడలేదు" అంది. "వాళ్లు స్టేషన్‌కు వెళితే నేను వెంట వెళతాను."

వెళ్లింది. స్టేషన్‌లో ఆ అమ్మాయి కంటే ఎక్కువసేపు అక్కనే నిలబెట్టారట. పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు అంటుంటే అక్కడివాళ్లు నవ్వుకున్నారట. సైటులోంచి ఎవరు తీసుకుని పంచారో తెలియకుండా ఎవరిని పట్టుకోవాలి అన్నారట. ఆ వారంలోనే అక్క ఉద్యోగం పోయింది. ఆ అమ్మాయి వేషమూ పోయింది. దర్శకుడు ఫోన్ చేసి, మాది కుటుంబ కథా చిత్రం, ఏమనుకోకమ్మా అన్నాడట. బట్టల షాపువాళ్లు కూడా రావద్దన్నారు. అన్న ఆమెను గడప దాటనివ్వలేదు.

అక్క మా వీధి వెనకాలే ఒక గది కిరాయికి తీసుకుంది. ఇంట్లోంచి చిన్న చిన్న సైట్లు చూసిపెడుతూ, మిగతా పొద్దంతా ఆ ఫోటోలు వెతికేది. ఎక్కడెక్కడ పెట్టారో కనిపెట్టి, ఆ సైట్లవాళ్లకు తీసేయమని రాసేది. కొందరు తీసేవారు. చాలామంది జవాబే ఇచ్చేవారు కారు. తీసిన చోట మళ్లీ వచ్చేవి.

"పేర్లు మారుస్తున్నారమ్మాయ్" అనేది. "ఒకడు పువ్వు పేరు పెడతాడు, ఇంకొకడు దేవత పేరు పెడతాడు. పేరును పట్టి వెతికే నియమం ఎంత బాగా రాసినా, పేరు మారితే ఏం చేస్తుంది? ఒక్కొక్కటీ తెరిచి చూడాల్సిందే."

ఆమె గదిలో తెర గోడవైపు తిప్పి ఉండేది. నేను వెళితే మీట నొక్కి ఆర్పేసేది. "నువ్వు చూడకు" అనేది. మనిషి చిక్కిపోయింది. రొయ్యల పొడి డబ్బా ఊరి నుంచి వచ్చింది వచ్చినట్టే మూత తీయకుండా ఉండేది. ఒకరోజు నన్ను కూర్చోబెట్టి, "చిన్న అక్షరాలతోనే పరీక్ష చేశానమ్మాయ్. పెద్ద అక్షరాలతో ఒక్కసారి చేసి ఉంటే" అంది. వెంటనే టీ పెట్టడానికి లేచింది. ఆ మాట తర్వాత చాలాసార్లు విన్నాను. ప్రతిసారీ అక్కడే ఆగేది.

ఆదివారం చర్చి అయ్యాక రహమత్ నగర్ వెళ్లేది. మొదట్లో ఆ తల్లి ముఖం మీదే తలుపు వేసేది. అక్క మెట్టు మీద కూర్చుని, తలుపుతో చెప్పినట్టే, ఆ వారం ఎక్కడెక్కడ తీయించిందో చెప్పి వచ్చేది. రెండో ఏడు తల్లి ఒక స్టూలు బయట వేసింది. ఆ తర్వాత లోపలికి రానిచ్చింది. మంచినీళ్లు ఇచ్చేది. మాట మాత్రం మాట్లాడేది కాదు, మిషను తొక్కుతూనే ఉండేది.

ఒక ఆదివారం నేనూ వెంట వెళ్లాను. ఆ అమ్మాయి అప్పటికి డబ్బింగు నేర్చుకుంటోంది. ముఖం కనబడే పని వద్దనుకుంది. ఫిలింనగర్‌లోనే చీకటి గదిలో నిలబడి ఎవరెవరికో గొంతు ఇచ్చేది. అక్క ఎప్పటిలాగే చెప్పుకుపోతుంటే మధ్యలో ఆపింది.

"ఆంటీ, ఒకటి అడుగుత. గవి తీపియ్యాలంటే ముందుగాల నువ్వు చూడాలె కదా?"

"చూడాలమ్మా. చూడకపోతే నీవో కావో తెలీదు."

"ఇన్నేండ్ల సంది చూస్తనే ఉన్నవా?"

అక్క నీళ్ల గ్లాసు కింద పెట్టింది. "అవును."

"నీ మనసు మంచిదేనని నాకెర్కే. కానీ చూసుడు చూసుడే కదా ఆంటీ. ఎవడెవడో చూస్తుండు, నువ్వూ చూస్తున్నవ్. వారం వారం గీడికొచ్చి, గా వారంల కూడ చూసిన అని నాకు చెప్తున్నవ్. ఇగ బంద్ చెయ్యి. ఉంటే ఉండనీ. నేను గా ఫోటోలల్ల లేను. గీడున్న."

మిషను చప్పుడు ఆగిపోయింది. అక్క చాలాసేపు ఆ అమ్మాయినే చూస్తూ కూర్చుని, ఉన్నట్టుండి కళ్లు దించేసుకుంది. చూడడం కూడా తప్పేమోనన్నట్టు.

"సరేనమ్మా" అంది.

ఆ సాయంత్రమే కంప్యూటర్ తీగలన్నీ పీకేసింది. ఆ తర్వాత ఇంటర్నెట్ జోలికి వెళ్లడం నేను చూడలేదు. టోలిచౌకిలో ఒక మందుల దుకాణంలో బిల్లులు కొట్టే పనికి కుదిరింది. ఆదివారాలు చర్చి నుంచి వచ్చి గదిలో ఊరికే కూర్చునేది. కొన్నేళ్లుగా ఒక పనిలో పెట్టిన మనసు దాన్ని వదిలేశాక ఎక్కడికి పోవాలో తెలియక ఆమెనే తినేసిందని నాకనిపిస్తుంది. మూత్రపిండాలు చెడిపోయాయని డాక్టర్లు చెప్పారు. వాళ్ల తమ్ముడు ఈ ఊళ్లోనే ఉన్న తన ఇంటికి తీసుకెళ్లాడు. ఆస్పత్రిలో చివరిసారి చూసినప్పుడు నా చేయి పట్టుకుని, "ఆ అమ్మాయికి పని బాగా దొరుకుతోందా?" అని అడిగింది. దొరుకుతోందని చెప్పాను. నిజమే చెప్పాను. టీవీ సీరియళ్లలో ఆ గొంతు రోజూ మా ఇంట్లో వినబడుతోంది. అక్క తల ఊపి, గోడవైపు తిరిగి పడుకుంది.

తమ్ముడి ఫోన్ వచ్చిన రోజే ఆ అమ్మాయికి కబురు చెప్పాను.

"నేను ఆమెను మాఫ్ చేయలేదక్కా" అంది. "చేద్దామని చూసిన. కాలే. నువ్వు ఏమన్న అనుకో."

"నేనేం అనుకోను" అన్నాను. వస్తుందని కూడా అనుకోలేదు.

మరునాడు పొద్దున సమాధుల తోటలో జనం పలచగానే ఉన్నారు. తమ్ముడి కుటుంబం, చర్చివాళ్లు, మందుల దుకాణం యజమాని. పాస్టరుగారి ప్రార్థన అయ్యాక, చివరిచూపు కోసం పెట్టె మూత పక్కకు జరిపారు. డయాలిసిస్ వల్ల అక్క ముఖం నల్లబడి, ఉబ్బి, పోల్చుకోలేనట్టుంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. దూరపు చుట్టాలు కొందరు ఫోన్లు తీసి ఫోటోలు తీయడం మొదలుపెట్టారు. ఒకాయన పెట్టె మీదికి వంగి మరీ తీస్తున్నాడు.

గేటు దగ్గర నిలబడిన మనిషి జనంలోంచి తోసుకుంటూ ముందుకు వచ్చింది. ఆ అమ్మాయే. నడివయసు వస్తోంది. వచ్చి పెట్టెకూ ఫోన్లకూ మధ్య నిలబడింది.

"తియ్యకుండ్రి" అంది.

"ఎవరమ్మా మీరు?" అన్నాడు ఆ వంగినాయన. "దుబాయ్‌లో మేనల్లుడున్నాడు, రాలేకపోయాడు. వాడికి పంపాలి."

"ఆమె తియ్యమన్నదా?"

"పోయిన మనిషి ఎలా అంటుందండీ?"

"గందుకే తియ్యొద్దంటున్న."

ఆయన తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు ఆమెను ఎన్నడూ చూడలేదు. అయినా ఏం తోచిందో, ఫోన్లు లోపల పెట్టేయమని చేత్తో సైగ చేశాడు. కొందరు గొణుక్కుంటూ పెట్టేసుకున్నారు. ఆ అమ్మాయి మాత్రం కదల్లేదు. రెండు చేతులతో చున్నీ వెడల్పుగా పట్టుకుని, పెట్టెకు వీపు పెట్టి, జనాన్నే చూస్తూ నిలబడింది. ఒక్కసారైనా వెనక్కి తిరిగి లోపలికి చూడలేదు. మూత బిగించి చివరి మేకు కొట్టేదాకా అలాగే ఉంది.

పెట్టె దించుతుండగా నా దగ్గరికి వచ్చింది. మట్టి వేయమని నేను అడగలేదు. ఆమె వేయలేదు.

"గీడికెల్లి ఫిలింనగర్‌కు బస్సు ఏడ దొరుకుతదక్కా?" అంది. "రికార్డింగ్ ఉంది."

చెప్పాను. చున్నీ తలకు చుట్టుకుంటూ వెళ్లిపోయింది.